గుమ్మానికి ఏటవాలు గొట్టం

డైసీ ఆ గొట్టాన్ని పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా తాకలేదు. పండక్కి బూజు దులిపేటప్పుడు సైతం ద్వారబంధం మీద ఆ నాలుగంగుళాల మేర వదిలేసి చీపురు తిప్పేది. ఆమె భర్త కొర్నేలి మాత్రం లోపలికి వచ్చినా బయటికి వెళ్లినా కుడిచేతి వేళ్లు దానికి ఆనించి, ఆ వేళ్లను పెదవులకు తాకించుకున్నాకే అడుగు వేసేవాడు. చేతిలో కూరగాయల సంచీ ఉంటే సంచీ కింద పెట్టి మరీ.

చూడ్డానికి అదేమంత వస్తువు కాదు. పవర్ హౌస్ బజారులో పాత ఇనుము కొట్లో కొన్న స్టీలు పైపు ముక్క. కొసలు రెండూ ఆకురాయితో నున్నగా రాకి, మూతలు బిగించి, రెండు మరలతో ద్వారబంధం కుడివైపు కమ్మీకి తనే బిగించుకున్నాడు. లోపల చుట్ట చుట్టిన కాగితం, దాని మీద ఆయన చేతిరాత. గొట్టం నిటారుగా ఉండదు. పై కొస ఇంట్లోకి వాలి ఏటవాలుగా ఉంటుంది.

భిలాయ్ క్యాంప్ 1లో వాళ్లుండే సందు ఎంత ఇరుకంటే, ఒక ఇంట్లో పోపు పెడితే నాలుగిళ్లలో తుమ్ములు వినిపిస్తాయి. అలాంటి చోట ఒక మనిషి గుమ్మానికి గొట్టం బిగించి రోజూ ముద్దు పెట్టుకుంటూ ఉంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకోకుండా ఉంటారా? అనుకున్నారు. అన్నారు కూడా.

కొర్నేలి తెనాలి అవతలి పల్లెనుంచి ఇరవై రెండో ఏట వచ్చి స్టీలు ప్లాంటులో చేరాడు. కోక్ ఓవెన్‌లో ఉద్యోగం. బొగ్గును కాల్చి కోకు చేసే ఆ పొయ్యిలు ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆర్పరు. పండగైనా, హర్తాళైనా, ఆకాశం విరిగిపడినా అక్కడ నిప్పు ఉండాల్సిందే. ఆ నిప్పు ముందు ముప్పై ఆరేళ్లు నిలబడ్డాడు. డైసీ వంట చేస్తూ చెయ్యి కాల్చుకుంటే, "నీ పొయ్యి చిన్నది కాబట్టి బతికిపోయావు" అని నవ్వుతూనే పరుగున వెళ్లి మందు తెచ్చి రాసేవాడు.

నలభై దాటాక ఒకసారి అక్క ఊరు వెళ్లాడు. అక్కడ ఓ నాలుగైదు కుటుంబాలవాళ్లు మేం ఇశ్రాయేలు సంతతి అనుకుంటూ యూదుల్లా శనివారం ఆచరిస్తున్నారు. ఆ ఇళ్లలో ఒక ముసలాయన దగ్గర కూర్చుని ఈయన ఏమడిగాడో, ఆయన ఏం చెప్పాడో డైసీకి తెలియదు. తిరిగొచ్చిన మనిషి మాత్రం వేరే మనిషి. దేవుడు ఒక్కడే, ఆయనకు రూపం లేదు, మనిషై పుట్టడు అన్నాడు. రావలసిన అభిషిక్తుడు ఇంకా రాలేదన్నాడు. పంది మాంసం మానేశాడు, రక్తం మానేశాడు, మాంసం తిన్న పూట పెరుగు మానేశాడు. శుక్రవారం పొద్దు వాలిన దగ్గరనుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా పొయ్యి ముట్టించడు, స్విచ్చి నొక్కడు, బండి తీయడు. ప్లాంటులో వారంవారం ఆరని నిప్పు దగ్గర ఉండే మనిషి ఇంట్లో ఒక్కరోజు అగ్గిపుల్ల గీయనన్నాడు!

"మరి నేనేం కావాలి?" అని డైసీ ఏడ్చింది. ఆమె క్రైస్తవ సంఘంలో పుట్టింది, సంఘంలో పెళ్లాడింది, స్త్రీల కూడికలో వాక్యం చదివేది ఆమే.

"నువ్వు నీలాగే ఉండు. మాలో ఎవర్నీ రమ్మని పిలవరు" అన్నాడు. పిలవలేదు కూడా. ఆదివారం పొద్దున్నే ఆమె తెల్లచీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసేది ఆయనే.

గొట్టం వంకరగా ఎందుకు పెట్టావని ఆమె దెప్పినప్పుడు ఒక కథ చెప్పాడు. పూర్వం ఇద్దరు పెద్దలు తగువులాడుకున్నారట. నిలువుగా ఉండాలని ఒకరు, అడ్డంగా ఉండాలని ఒకరు. చివరికి గుమ్మం దగ్గర గొడవెందుకని అటూ ఇటూ కాకుండా ఏటవాలుగా పెట్టుకున్నారట. "మనింటికి సరిపోతుంది కదూ?" అన్నాడు. డైసీ నవ్వలేదు.

సంఘం మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. సంఘపెద్ద ఇమ్మాను నిండు ఆరాధనలో లేచి, "క్రీస్తును సిలువకు అప్పగించినోళ్ల పక్షాన చేరినవాడు మనకు బ్రదర్ ఎలా అవుతాడు?" అని పుస్తకంలోంచి కొర్నేలి పేరు కొట్టేయించాడు. ఈ ఇమ్మానూ కోక్ ఓవెన్‌ మనిషే, ఒకే షిఫ్టు. శనివారం సెలవు కావాలని కొర్నేలి పదేళ్లు అతని ఆదివారం డ్యూటీలు చేశాడు. ఆ ఆదివారాలన్నీ సంఘంలో కూర్చోబట్టే ఇమ్మాను పెద్ద అయ్యాడు. డైసీ ఆ మాట నోటిదాకా తెచ్చుకుని మింగేసింది.

అందరూ మొహం తిప్పుకున్న ఆ రోజుల్లో తిప్పుకోనిది పక్కింటి సింహాచలమ్మ ఒక్కతే. శ్రీకాకుళం వైపు మనిషి, వెంకన్న భక్తురాలు. శనివారాలు ఒంటిపూట ఉంటుంది. కొర్నేలి ఇంట పొయ్యి వెలగదని తెలిసిన మొదటి శనివారమే ఫ్లాస్కు నిండా టీ పోసి తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఎవరూ అడగలేదు. ఆ రోజు తన పని ఇంకొకరిని చేసిపెట్టమని అడగడం ఆయన ఆచారంలో లేదని కూడా ఆమెకు తెలియదు. డైసీ శనివారాలు ప్లాంటు బళ్లో ఆయా పనికి వెళ్లే రోజులవి. ఆ తర్వాత డైసీ ఇంట్లో ఉన్నా సరే ఫ్లాస్కు వస్తూనే ఉంది.

"శనోరం నీ దేవుడికీ నా దేవుడికీ ఒకటేటి అన్నియ్యా?" అని అడిగిందొకసారి.

"పట్టింపు ఒకటే చెల్లీ."

"నీకు బొమ్మ లేదు, గుడి లేదు, పెసాదం లేదు. మరి దేవుడితోటి ఏటి సేస్తావు?"

"చెప్పిన పని చేస్తాను."

"అయితే నాకన్నా నీకే కస్టం" అని ఫ్లాస్కు మూత తిప్పింది.

ఆమె కొడుకు లక్ష్మీప్రసాద్, కోడలు ఇంద్రాణి, మనవరాలు అమ్ము. ఏడేళ్ల అమ్ముకు హిందీ ఎంత వచ్చో తెలుగు అంత రాదు. కొర్నేలిని తాత అనడానికి హిందీలో 'గొట్టం నానాజీ' అని పిలిచేది.

ఈ ఏడు వానలు విడవకుండా కురిశాయి. గొట్టంలోకి తేమ చేరి కాగితం మీద అక్షరాలు కారిపోయాయి. కొర్నేలి కొత్త కాగితం రాసుకున్నాడు. అసలైతే తోలు మీద, హెబ్రీలో, ఆ విద్య తెలిసినవాడే రాయాలట. "అవన్నీ ఇక్కడెక్కడ దొరుకుతాయి? భిలాయ్ సంగతి దేవుడికి తెలుసులే" అని రూళ్ల కాగితం మీద తెలుగులోనే రాస్తాడు. పాత కాగితాన్ని పారేయకూడదు, కాల్చకూడదు. దేవుడి పేరున్న కాగితాన్ని మనిషిని పాతినట్టు మర్యాదగా పాతిపెట్టాలి. మంగళవారం పొద్దున్నే దాన్ని చిన్న స్టీలు డబ్బీలో పెట్టి, తమ ఇంటికీ సింహాచలమ్మ ఇంటికీ మధ్య గోడ పక్కనున్న మునగచెట్టు మొదట్లో గుంట తీసి పాతాడు. నెత్తిన చేతిరుమాలు కప్పుకుని, కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు.

కుళాయి దగ్గర బిందె నింపుతున్న ఇంద్రాణి ఇదంతా చూసింది. బుధవారం అమ్ముకు జ్వరం తగిలింది.

అంతే. ఇంకేం కావాలి? సందులో మందుల కొట్టువాడిచ్చిన బిళ్లలకు జ్వరం దిగలేదు. శుక్రవారం ఎక్కడినుంచో ఒక బైగాను, అంటే మంత్రం వేసే మనిషిని తీసుకొచ్చారు. ఇంద్రాణి చూసిందంతా చెప్పింది. అతను నిమ్మకాయ కోసి చూసి, గోడ పక్కన పాతింది బయటికి వస్తే గాని జ్వరం దిగదన్నాడు. పాతినవాడి చేత్తోనే తీయించాలన్నాడు. అప్పటిదాకా పిల్లను గడప దాటించవద్దన్నాడు.

శనివారం నాలుగు గంటలకు కొర్నేలి గుమ్మం ముందు సందంతా పోగైంది. లక్ష్మీప్రసాద్ చేతిలో గునపం.

"మావయ్యా, బయటికి రా. పాతింది తవ్వి తియ్యి."

కొర్నేలి వచ్చాడు. అలవాటుగా గొట్టం తాకి వేళ్లు పెదవులకు ఆనించాడు. గుంపులో గుసగుస లేచింది.

"చూడు చూడు, మళ్లీ మొదలెట్టేసినాడు!" అరిచింది ఇంద్రాణి. ఆమె కళ్లు నిద్రలేక వాచిపోయి ఉన్నాయి. "నా పిల్ల గుంట నీకేటి ద్రోహం సేసినాది? నానాజీ నానాజీ అని తిరిగిన దానికి ఇదేనా?"

"అది ప్రార్థన రాసిన కాగితం తల్లీ. పాడైతే పాతాను. తీసి చూపిస్తాను" అన్నాడు కొర్నేలి. "ఇవాళ శనివారం, మట్టి తవ్వకూడదు. మూడు చుక్కలు కనబడనీ. నేనే తీసి నీ చేతిలో పెడతా."

డైసీ లోపల్నుంచి ఆ మాట విని నుదురు కొట్టుకుంది. అయ్యో, ఇంకేదైనా అనవచ్చు కదా!

"ఇన్నారా? చుక్కలు పొడిచినాకే తవ్వుతాడంట!" లక్ష్మీప్రసాద్ గుంపు వైపు తిరిగాడు. "చీకటి పడితేనే పని చేసేదాన్ని ఏటంటారు? ప్రార్థనంటారా, జాదూ-టోనా, చేతబడి అంటారా?"

"కొట్టండ్రా ముసలోడిని!" అన్నారెవరో హిందీలో. ఒక రాయి వచ్చి తలుపుకు తగిలింది. డైసీ పరుగున వచ్చి భర్త పక్కన నిలబడింది. ఆయన రాయి వంక చూడలేదు. గుంపు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ సింహాచలమ్మనే చూస్తున్నాడు.

"చెల్లీ, పిల్ల ఎలా ఉంది?"

"రేతిరినుంచి కళ్లు తెరవలేదన్నియ్యా" అంది ఆవిడ. "నీళ్లు పోస్తే పక్కకి కారిపోతన్నాయి."

కొర్నేలి గిరుక్కున లోపలికి తిరిగాడు. మేకుకు వేలాడుతున్న స్కూటర్ తాళం అందుకున్నాడు. డైసీ నమ్మలేకపోయింది. పందొమ్మిదేళ్లుగా శనివారం ఫ్యాను స్విచ్చి నొక్కని మనిషి. చెమటలు కారుతున్నా విసనకర్రతో గడిపిన మనిషి.

"ఏవండీ, ఇవాళ..."

"ప్రాణం దగ్గర శనివారం లేదు డైసీ. అది కూడా దేవుడు చెప్పిందే."

స్కూటర్ బయటికి వచ్చేసరికి గుంపు ఘొల్లుమంది. "తవ్వడానికి అడ్డొచ్చిన దేవుడు బండికి అడ్డురాడేటి?" అని ఎవరో ఎకసెక్కం చేశారు. ఇంద్రాణి తన గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది. "ఆడి చెయ్యి నా బిడ్డ మీద పడనివ్వను!"

సింహాచలమ్మ వచ్చి కోడలి చెయ్యి విదిలించింది. పొద్దుటినుంచి ఉపవాసంతో ఉన్న ఆ డెబ్బై ఏళ్ల మనిషికి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో! "నా మనవరాలు. అడ్డొచ్చినావంటే ఈ జన్మకి నీ చేతి నీళ్లు ముట్టను. తప్పుకో!" పిల్లను దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని స్కూటర్ వెనక ఎక్కింది. ఇంద్రాణి శోకాలు పెడుతూ ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది.

ఇక మిగిలింది డైసీ, గుంపు, మునగచెట్టు.

లక్ష్మీప్రసాద్ తనే తవ్వాడు. కారే కన్నీళ్లు తుడుచుకోకుండా, ఆపకుండా. బిడ్డ బతకాలంటే ఇదొక్కటే దారి అని నమ్మిన తండ్రి తవ్వే తీరు అది. అంతలోనూ డైసీకి అతని మీద జాలి కలిగింది. డబ్బీ బయటపడింది. మూత తీస్తే కాగితం చుట్ట, మీద కారిపోయిన నీలం సిరా. కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడి చూశారు. హిందీ బళ్లలో చదివినవాళ్లు, ఒక్కడికీ తెలుగు చదవడం రాదు.

"మంత్రాలే!" అన్నాడొకడు.

"ఇమ్మాను అంకుల్‌ని పిలవండి. ఆయనకొచ్చు."

ఇమ్మాను సందు మొదట్లోనే ఉన్నాడు, పిలుపు కోసమే కాచుకున్నట్టు. కళ్లజోడు పెట్టుకుని కాగితం విప్పాడు. డైసీ అతని మొహమే చూస్తోంది. మొదటి వరుస చదవగానే అతనికి తెలిసిపోయిందని ఆమెకు తెలిసిపోయింది. ఆ మాట అతను చిన్నప్పటినుంచీ కంఠస్థం చేసినదే. ఒక్క మాట చెప్తే చాలు, గుంపు విడిపోతుంది.

ఇమ్మాను కాగితం మడిచాడు. "మాటలు దైవవాక్యంలోవే" అన్నాడు. గుంపు కాస్త మెత్తబడింది. "అయితే మంచి మాటల్ని మట్టిలో పాతిపెట్టడం ఎందుకో నాకు తెలీదు. అలా చేసేవాళ్లని నేనెక్కడా చూళ్లేదు."

గుంపు మళ్లీ కస్సుమంది.

డైసీకి అప్పుడేమైందో తర్వాత ఆమె కూడా చెప్పలేకపోయింది. మనిషి ముందుకు వెళ్లి ఇమ్మాను చేతిలోంచి కాగితం లాక్కుంది. స్త్రీల కూడికలో చదివే గొంతుతో, గట్టిగా, నిదానంగా చదివింది. దేవుడు ఒక్కడేనని. ఆయన్ను నిండు మనసుతో, ఉన్న బలమంతా పెట్టి ప్రేమించమని. ఈ మాట పిల్లలకు నేర్పమని, ఇంట్లో కూర్చున్నా దారిన నడిచినా చెప్పుకొమ్మని, గుమ్మం కమ్మీల మీద రాసుకొమ్మని. అక్షరాలు చెరిగిపోయిన చోట కూడా ఆగలేదు. అవన్నీ ఆమెకు నోటికి వచ్చు. వెనక వరుసలో ఇద్దరు ముసలివాళ్లు తలలు వంచుకున్నారు.

"పాతిపెట్టడం చూళ్లేదా ఇమ్మానూ?" అంది చదవడం ముగించి. "మీ అమ్మ పోయినప్పుడు ఏం చేశావు? పారేశావా? ఆ పెట్టె మోసిన నలుగురిలో మా ఆయన లేడా? అదీ చేతబడేనా?"

ఇమ్మాను కళ్లజోడు తీసి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

లక్ష్మీప్రసాద్ గునపం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఓడిపోయినవాడి కోపం అన్నిటికన్నా చెడ్డది. విసురుగా మెట్టెక్కి, గునపం మొన గొట్టం కింద దూర్చి ఒక్క పెట్టున పెళ్లగించాడు. మరలతోపాటు చెక్క పెచ్చు ఊడివచ్చింది. "అంత మంచి మాటలే అయితే గొట్టంలో దాచుకోవడమేటి అత్తా?" అని దాన్ని మురుగుకాలువలోకి విసిరేసి, ఆసుపత్రికి పరిగెత్తాడు. గుంపు తప్పుకుని దారిచ్చి, వెంటనే పలచబడింది.

డైసీ కాలువ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. జబ్బ దాకా చెయ్యి దించి బురదలో వెతికింది. దొరికేదాకా వెతికింది.

చుక్కలు పొడిచాక కొర్నేలి తిరిగి వచ్చాడు. టైఫాయిడ్ అట. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చెప్పలేమన్నారట డాక్టరు. సింహాచలమ్మ అక్కడే ఉండిపోయింది. మెట్టెక్కుతూ అలవాటుగా చెయ్యి ఎత్తాడు. వేళ్లకు రెండు బెజ్జాలు తగిలాయి. ఆ వేళ్లనే పెదవులకు ఆనించుకుని లోపలికి వచ్చాడు. పొయ్యి గట్టు మీద, మూడుసార్లు సబ్బుతో కడిగిన గొట్టం ఆరుతోంది. ఆయన దాన్ని చూశాడు, డైసీని చూశాడు. ఆమె అన్నం వడ్డించింది.

పదో రోజున అమ్ము ఇంటికొచ్చింది. సందులో అందరూ వెళ్లి చూసివచ్చారు. ఇంద్రాణి అందరికీ ఒకే మాట చెప్పింది. "పెట్టినోడే తీసేసినాడు. ఆడు పెట్టకపోతే ఆడు బండెక్కించిన పూటే గుంట ఎలా తేరుకున్నాదంటారు?" డాక్టరు కాగితాలు చూపిస్తే నమ్మని సందు ఈ మాట చటుక్కున నమ్మింది. ఇప్పుడు కొర్నేలి ఎదురైతే ఆడవాళ్లు పిల్లల మొహాలు కొంగుతో కప్పుతున్నారు. కొట్టువాడు చిల్లర చేతికివ్వక బల్ల మీద పెడుతున్నాడు. సంఘంలో డైసీ చేత వాక్యం చదివించడం మానేశారు. కారణం ఎవరూ చెప్పలేదు.

లక్ష్మీప్రసాద్ తల్లికి గట్టిగా చెప్పాడు, ఆ గడప తొక్కొద్దని. ఆ తర్వాతి శనివారం గుమ్మంలోకి ఫ్లాస్కు రాలేదు. మధ్యాహ్నం రెండిళ్ల మధ్య గోడ మీద ఏదో చప్పుడైతే డైసీ వెళ్లి చూసింది. మునగచెట్టు కొమ్మ సందులోంచి ఒక ముడతల చెయ్యి ఫ్లాస్కును గోడ మీద పెడుతోంది.

"వేడిగా ఉన్నాది వదినా, మెల్లగా అందుకో" అంది గొంతు. "గడప తొక్కొద్దన్నాడు గాని గోడ సంగతి సెప్పలేదు."

మర్నాడు ఆదివారం. పొద్దున్నే కొర్నేలి చెక్క పెచ్చు ఊడిన చోట లప్పం వేసి, అది బిగిసేదాకా ఆగి, చేతి డ్రిల్లుతో కొత్త బెజ్జాలు పెట్టాడు. ఆ చప్పుడుకు సందులో ఒక్కో తలుపే తెరుచుకుంది. సంఘానికి వెళ్లడానికి తెల్లచీర కట్టుకుని సిద్ధంగా ఉన్న డైసీ వచ్చి, ఆయన చేతిలోంచి గొట్టం తీసుకుని కమ్మీకి ఆనించి పట్టుకుంది.

"పై కొస లోపలికి..." అని చెప్పబోయాడు.

"తెలుసులెండి. పందొమ్మిదేళ్లుగా చూట్టం లేదూ?"

రెండు మరలూ బిగించాడు. వేళ్లు ఆనించి పెదవులకు తాకించుకున్నాడు. ఆమె అలా చేయలేదు. గట్టిగా బిగిసిందో లేదోనన్నట్టు బొటనవేలితో రెండుసార్లు నొక్కి చూసింది. బైబిలు సంచీ భుజాన వేసుకుని మెట్టు దిగింది. ఎదురింటి తలుపు ఆమె మొహం మీదే ధడాలున మూసుకుంది. డైసీ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పైకి పట్టుకుని, మురుగు దాటి, సందు మధ్యలోంచే నడిచి వెళ్లింది.